ఇంటి గడపలో పక్షి గూడు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

తొలకరి పడినప్పటి నుంచి ఈ శీర్షికకు ఇంట్లోనో, బాల్కనీలోనో, వాకిట్లోనో గూడు పెట్టిన పిట్టల గురించి ఉత్తరాలు వరుసగా వస్తున్నాయి. అందుకే ఈ సంచికలో ఈ పేజీలను పూర్తిగా వాటికే కేటాయించాము. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలలో ఒకదానిని ఎంచుకుని సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మేము రెండో అంతస్తులో ఉంటాము. బాల్కనీలో వేలాడదీసిన మనీ ప్లాంట్ కుండీలో పిగిలిపిట్టల జంట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. శ్రావణమాసంలో మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం ఉంది. ఆ లోపల ఇంటికి రంగులు వేయించాలని మేస్త్రీకి బయానా కూడా ఇచ్చాము. గూడును జాగ్రత్తగా తీసి కింద ఉన్న వేపచెట్టు కొమ్మల మధ్య పెడితే తల్లి అక్కడికి వెళుతుందా? మొక్కకు నీళ్లు పోయవచ్చా? మొదటి గుడ్డు పెట్టిన రోజు తల్లి పగలంతా గూటి వైపు రాకపోయేసరికి వదిలేసి పోయిందేమోనని బెంగపడ్డాము.
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: గూడును కదపకండి. వేపచెట్టు మీదికే కాదు, బాల్కనీలో ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చినా తల్లి దానిని తన గూడుగా గుర్తించకపోవచ్చు. పక్షి తిరిగి వచ్చేటప్పుడు తను ఎంచుకున్న చోటును వెతుక్కుంటూ వస్తుంది. ఆ చోట గూడు కనబడకపోతే నాలుగు గజాల దూరంలో అదే గూడు, అవే గుడ్లు ఉన్నా కాసేపు చుట్టూ తిరిగి, అరిచి, వెళ్లిపోతుంది. పైగా కింద చెట్టు మీద పెట్టిన గూడు మొదట కాకుల కంట పడుతుంది. మీ కుండీని ఆ పిట్ట ఎంచుకున్నది కాకులు మనుషులకు అంత దగ్గరగా రావడానికి జంకుతాయనే కావచ్చు.

ఇక రంగుల సంగతి. పిగిలిపిట్ట సాధారణంగా రోజుకు ఒకటి చొప్పున రెండు మూడు గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ తరువాత ఇంచుమించు మరో రెండు వారాలలోపే పిల్లలు గూడు దాటుతాయి. అంటే మొదటి గుడ్డు కనిపించిన నాటి నుంచి మీరు ఓపిక పట్టవలసింది ఒక్క నెల. మేస్త్రీతో మాట్లాడి ముందు లోపలి గదులు, హాలు పూర్తి చేయించండి. బాల్కనీ గోడను, గ్రిల్లును అన్నిటికంటే చివరికి ఉంచండి. వ్రతం నాటికి ఆ ఒక్క గోడ పాత రంగుతోనే ఉన్నా ఫరవాలేదు. గోడను గీకే దుమ్ము, పెయింటు ఘాటు, నిచ్చెనల చప్పుడు, ఇన్ని కలిస్తే పొదుగుతున్న తల్లి లేచిపోతుంది. పిల్లలు పుట్టిన తరువాత కంటే గుడ్లు పొదిగే దశలో, అందులోనూ మొదటి వారంలో, పక్షులు గూడును సులభంగా వదిలేస్తాయి కాబట్టి ఇప్పుడు మీరు చూపే నిదానమే ఆ జంటకు చేయగల అసలు సహాయం.

తల్లి ఆ రోజు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. చిన్న పిట్టలలో చాలా వరకు చివరి గుడ్డుకు కాస్త ముందు నుంచో, గుడ్లన్నీ పెట్టిన తరువాతనో మాత్రమే స్థిరంగా కూర్చుంటాయి. అలా చేస్తేనే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి పుట్టి, సమానంగా పెరుగుతాయి. మొదటి గుడ్డు చల్లగా ఉన్నంత మాత్రాన అది చెడిపోదు. గూడు ఖాళీగా కనిపించిందని చేయి పెట్టి తాకి చూడవలసిన పని లేదు.

మొక్కకు నీళ్లు పోయవచ్చు. తల్లి మేతకు వెళ్లిన సమయం చూసి, చిన్న గ్లాసుతో కుండీ అంచు నుంచి మట్టిలోకి మాత్రమే పోయండి. పైనుంచి చిలకరిస్తే గూడు అడుగు తడిసి, గుడ్లు చల్లబడతాయి. మనీ ప్లాంట్ వారం రోజులు నీళ్లు లేకపోయినా తట్టుకునే మొక్క కనుక సందేహం కలిగిన రోజున పోయకపోవడమే మేలు. బట్టలు ఆరవేసే తీగను ఈ నెల రోజులు ఇంకో చోటికి మార్చుకోండి. బాల్కనీ దీపాన్ని రాత్రి వెలిగించకండి. గింజలు, నీళ్ల గిన్నె గూటి దగ్గర పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. మనం ప్రేమతో వేసే నూకల కోసం కాకులు, గోరింకలు, ఉడతలు వస్తాయి, వచ్చినవి గూటిని చూస్తాయి. గిన్నె పెట్టాలనుకుంటే ఇంటికి అవతలి వైపు పెట్టండి.

ఫోను పట్టుకుని గంటకోసారి వెళ్లి ఫొటోలు తీయడం ఈ రోజుల్లో గూళ్లకు వచ్చిన కొత్త ఆపద. మనిషి ఒకే మూలకు పదేపదే వెళ్లి తొంగిచూస్తుంటే ఎదురింటి పిట్టగోడ మీద కూర్చున్న కాకి అది గమనిస్తుంది. చూడాలనే ముచ్చట సహజమే, నేనూ అందుకు అతీతుణ్ణి కాను. రోజుకు ఒకసారి, కిటికీ అద్దం వెనుక నుంచి, ఫ్లాష్ లేకుండా చూడండి. పిల్లలు పుట్టిన తరువాత ఒక గుర్తు మీకు తెలుస్తుంది: తల్లిగానీ తండ్రిగానీ ముక్కున పురుగు పట్టుకుని గ్రిల్లు మీద వాలి, గూట్లోకి పోకుండా ఆగకుండా అరుస్తూ ఉంటే మీరు అడ్డంగా నిలబడి ఉన్నారని అర్థం. వెంటనే లోపలికి వచ్చేయండి. అవి పండ్లు, పురుగులు తెచ్చి తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేవరకు కొద్ది నిమిషాలకొకసారి పిల్లలకు పెట్టవలసిందే. ఒక్క గంట ఆగినా ఆ చిన్న ప్రాణాలకు అది పెద్ద లోటు.

గూడు దాటే రోజున మరికొంత మెలకువ కావాలి. పిగిలిపిట్ట పిల్లలు చక్కగా ఎగరడం రాకముందే గూడు వదిలి, కుండీల మధ్య, నేల మీద గెంతుతూ తిరుగుతాయి. తల్లిదండ్రులు ఇంకా కొన్ని రోజులు వాటికి అక్కడే తినిపిస్తాయి. నీళ్లున్న బకెట్లు, తొట్లు ఉంటే బోర్లించండి, లేదా మూతలు పెట్టండి. పిల్లలు వాటిలో పడి మునిగిపోవడం తరచుగా జరిగే ప్రమాదం. ఇంట్లో పిల్లి ఉంటే ఆ రెండు మూడు రోజులు బాల్కనీ తలుపు వేసి ఉంచండి.

మరొక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను లేదా గూళ్లను కలతపెట్టడం కూడా చేర్చింది. మన బాల్కనీ మనదే అయినా అందులోని గూడు ఆ చట్టం నీడలో ఉంటుంది. మేస్త్రీ తొందరపెడితే ఈ మాట చెప్పండి. చాలామంది విని సర్దుకుంటారు. పిల్లలు ఎగిరిపోయిన వారం తరువాత ఖాళీ గూడును చేతికి తొడుగు వేసుకుని తీసివేయవచ్చు. అందులో సన్నని పేలు ఉంటాయి, పిగిలిపిట్టలు మరుసటి సారికి సాధారణంగా కొత్త గూడే కట్టుకుంటాయి.

ప్రశ్న: పెరట్లో జామచెట్టు కింద మా పదేళ్ల అబ్బాయికి ఒక పిచ్చుక పిల్ల దొరికింది. మనిషి చేయి పడిన పిల్లను తల్లి చేరదీయదని మా అత్తగారు అనడంతో తిరిగి గూట్లో పెట్టలేదు. ఇంకు ఫిల్లరుతో పాలు పట్టాము, అన్నం మెత్తగా మెదిపి పెట్టాము. రెండో రోజు తెల్లవారేసరికి చనిపోయింది. నేనే చంపేశానా అని వాడు ఇప్పటికీ అడుగుతున్నాడు. మా పొరపాటు ఎక్కడ జరిగింది?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి: గూట్లోంచి పడిన పిల్లలలో చాలా వాటిని అనుభవం ఉన్నవారు కూడా బతికించలేరు. నేల మీద వదిలేసి పోకుండా చేతిలోకి తీసుకున్నవాడిది తప్పు కాదు. ఈసారి దొరికితే ఏం చేయాలో తెలుసుకుంటే వాడి మనసులోని బరువు కొంత తగ్గుతుందని నా నమ్మకం. అందుకే వివరంగా రాస్తున్నాను, వాడికి చదివి వినిపించండి.

మీ అత్తగారు చెప్పిన మాట మన ఊళ్లన్నిటిలోనూ ఉన్నదే. అయితే చిన్న పిట్టలు తమ పిల్లను వాసన చూసి గుర్తుపట్టవు. మనిషి తాకినంత మాత్రాన దానిని వెలివేయవు. నోరు తెరిచి అరిచే పిల్ల తన గూట్లో ఉంటే చాలు, తల్లి దానికి తినిపిస్తుంది. గూళ్ల జోలికి వెళ్లకుండా పిల్లలను ఆపడానికి పెద్దలు ఆ మాట పుట్టించి ఉంటారని నాకు అనిపిస్తుంది. ఆ ఉద్దేశం మంచిదే, కానీ కింద పడిన పిల్ల విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పిల్ల కనబడగానే చూడవలసింది దాని ఒంటి మీది ఈకలను. ఈకలు లేకుండా ఎర్రగా ఉన్నా, నూగు మాత్రమే ఉండి కళ్లు ఇంకా తెరవకపోయినా, అది గూట్లో ఉండవలసిన పిల్ల. గూడు అందే ఎత్తులో ఉంటే చేతులు కడుక్కుని నెమ్మదిగా అందులో పెట్టేయాలి. గూడే ఊడి పడిపోతే చిన్న వెదురు బుట్టనో, పూల సజ్జనో తీసుకుని, నీరు నిలవకుండా అడుగున సందులు ఉన్నాయని చూసుకుని, ఆ గూటినే అందులో అమర్చి, అది పడిన చోటుకు వీలైనంత దగ్గరగా, నీడలో కట్టాలి. తరువాత దూరంగా వెళ్లి గంటో రెండు గంటలో గమనించాలి. మనం పక్కనే ఉంటే తల్లి రాదు. తల్లి రాకపోతే అది మన కాపలా వల్లనేమో ముందు ఆలోచించుకోవాలి.

అలా కాకుండా ఒంటి నిండా ఈకలు వచ్చి, తోక మాత్రం పొట్టిగా ఉండి, గెంతుతూ తిరుగుతుంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. దానిని ఎవరూ రక్షించనక్కరలేదు. కుక్కలు, పిల్లులు తిరిగే చోట ఉంటే దగ్గరి పొదలోనో కొమ్మ మీదనో పెట్టి వచ్చేయాలి. తప్పిపోయిందనుకుని మనం ఇంట్లోకి తెచ్చుకునే పిల్లలలో చాలా భాగం ఇలాంటివే. వాటి తల్లిదండ్రులు పైన కొమ్మ మీద కూర్చుని మనల్ని చూసి అరుస్తూ ఉంటాయి.

ఇక పాల సంగతి. పక్షులు పాలిచ్చి పెంచే జంతువులు కావు, పాలలోని చక్కెరను వాటి పేగులు అరిగించుకోలేవు. అన్నంలో పిచ్చుక పిల్ల ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు లేవు; పెద్ద పిచ్చుకలు గింజలు తిన్నా పిల్లలకు మొదటి రోజులలో పురుగులనే పెడతాయి. అన్నిటికంటే ప్రమాదం ఫిల్లరు. పక్షి నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది. మనం నోట్లో వేసిన చుక్క నేరుగా ఊపిరితిత్తులలోకి వెళ్లిపోవచ్చు. నీళ్లు కూడా అలా పట్టకూడదు. గూటికి చేర్చే దారి లేనప్పుడు, గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తని నూలు గుడ్డ పరిచి పిల్లను పెట్టి, మూత వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా, వెచ్చగా ఉండే చోట ఉంచండి. దూది వద్దు, దాని పోగులు కాలిగోళ్లకు చుట్టుకుంటాయి. ఏమీ తినిపించకుండా వెంటనే అటవీ శాఖ కార్యాలయానికిగానీ, పక్షులను చూసే పశువైద్యునికిగానీ, జంతు సంరక్షణ సంస్థకుగానీ చేర్చండి. పిల్లి నోట పడిన పిట్టకు పైకి గాయం కనబడకపోయినా ఆ రోజే మందు పడాలి. పిల్లి పంటి నుంచి చేరే సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజులలో ప్రాణం తీస్తాయి.

ప్రశ్న: మా వీధి తలుపు పక్కన కాలింగ్ బెల్ తీగకు ఒక సంచిలాంటిది వేలాడుతోంది. బూజు అనుకుని పనమ్మాయి చీపురుతో లాగేయబోతే అందులోంచి చిన్న పిట్ట తుర్రుమంది. ఇది ఏ పిట్ట? తలుపు దగ్గర రోజంతా మనుషులు తిరుగుతుంటారు, ఉంటుందా?
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: అది తేనెపిట్ట గూడు, ఉంటుంది. తేనెపిట్ట ఆడది సాలెగూటి దారాలతో నారను, ఎండు ఆకులను, బెరడు ముక్కలను అతికించి, పక్కన ద్వారం పెట్టి, దాని పైన వాన పడకుండా చిన్న చూరు కూడా దించుతుంది. చూసేవారికి అది చెత్తలా కనబడాలనే అంత శ్రమ. మనుషులు తిరిగే గుమ్మాల దగ్గర గూడు కట్టడం ఈ పిట్టకు కొత్త కాదు, మీ రాకపోకలు చూసుకునే ఆ తీగను ఎంచుకుంది. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, ఆడదే పొదుగుతుంది, మెరిసే రంగుల మగది తరువాత పిల్లలకు తినిపించడంలో చేయి కలుపుతుంది. మొత్తం ఇంచుమించు ఐదు వారాలు. తలుపును విసురుగా వేయకండి, ఎవరూ ఆ తీగను లాగకుండా ఒక కాగితం మీద రాసి అంటించండి. పనమ్మాయికి ద్వారంలోంచి తొంగిచూసే పిట్టను ఒకసారి దూరం నుంచి చూపిస్తే మీకంటే ఎక్కువగా ఆమే కాపలా కాస్తుంది. బూజు దులపడం ఈ నెలలో కాస్త తగ్గించినా మేలే, ఆ సాలెగూళ్లే ఈ పిట్టకు దారం.

ప్రశ్న: పిచ్చుకలు తగ్గిపోయాయని చదివి చెక్క గూడు కొని మేడ మీద పిట్టగోడకు తగిలించాము. రెండేళ్లయినా ఒక్క పిచ్చుకా రాలేదు. సెల్ టవర్ల వల్లనేనా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: సెల్ టవర్ల మాట చాలా ప్రచారంలో ఉన్నా పిచ్చుకలు తగ్గడానికి అవే కారణమని రుజువు కాలేదు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉంది. తగ్గుదల కనిపించింది హైదరాబాదు వంటి పెద్ద నగరాలలో. మీ సమస్య గూడు తగిలించిన చోటులో ఉన్నట్టు తోస్తోంది.

పెంకుటిళ్ల కాలంలో పిచ్చుకకు చూరు కింద వాసాల సందులు, దూలం పైన గూళ్లు, గోడకు వంచి కట్టిన పటాల వెనుక చోటు, ఇన్ని దొరికేవి. అన్నిటిలోనూ ఉన్నది నీడ, ఎత్తు, వెనుక గోడ. మేడ మీద పిట్టగోడ మీద ఇవేవీ లేవు. నల్లగొండ ఎండకు ఆ చెక్క పెట్టె లోపల పిల్లలు ఉడికిపోతాయని పిచ్చుకకు మనకంటే బాగా తెలుసు. దానిని తీసి సన్‌షేడ్ కిందనో, వరండా గోడకో, 8 నుంచి 10 అడుగుల ఎత్తులో, పడమటి ఎండ తగలని వైపున గట్టిగా బిగించండి. ద్వారం 32 మిల్లీమీటర్లకు మించకుండా చూడండి. పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ద్వారం ముందు వాలడానికి పుల్ల ఉంటే విరిచేయండి, పిచ్చుకకు దాని అవసరం లేదు, అది వేటాడే పక్షులకు మెట్టు అవుతుంది. పిచ్చుకలు గుంపుగా బతికేవి కనుక ఒకటి కాకుండా రెండు మూడు పెట్టెలను కొద్ది దూరంలో పెడితే మంచిది.

పెట్టె ఒక్కటే చాలదు. పిచ్చుకలు ఇప్పటికే కొంతయినా తిరుగుతున్న వీధి కావాలి, దాక్కోవడానికి గుబురు మొక్కలు కావాలి, దుమ్ములో పొర్లడానికి చారెడు వట్టి మట్టి కావాలి, పిల్లలకు పురుగులు కావాలి. మన ఇళ్లలో గుమ్మానికి వరికంకుల కుచ్చు కట్టే ఆచారం పెద్ద పిచ్చుకల కడుపు నింపుతుంది, అది కొనసాగించవలసిన ఆచారమే. కానీ గూట్లోని పిల్లను పెంచేది మీ పెరటి బెండ మొక్క మీది పచ్చపురుగు. ఆ మొక్కల మీద మందు కొట్టడం ఆపితే మీరు పిచ్చుకకు పెట్టె కంటే పెద్ద సహాయం చేసినట్టే. ఇంకొకటి: పిచ్చుక గదిలో గూడు పెడితే ఆ గదిలోని సీలింగ్ ఫ్యాను స్విచ్చి మీద టేపు అంటించండి. అద్దంలో తన నీడను శత్రువుగా భావించి పొడుస్తుంటే అద్దం మీద గుడ్డ కప్పండి, కొన్ని వారాలలో మానేస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ లిఫ్టు గదిలో తెల్లని గుడ్లగూబలు పిల్లలు పెట్టాయి. రాత్రి పాము బుసలాంటి చప్పుడు వస్తోంది. చావుపిట్ట ఇంటి మీద ఉంటే అరిష్టమని, తగిలేయించమని సంఘం సమావేశంలో కొందరు పట్టుబడుతున్నారు. ఏం చెప్పి ఒప్పించాలి?
— ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: ఆ బుస పిల్లలు ఆకలికి చేసే చప్పుడే. ముందు ఆ సంగతి అందరికీ చెప్పండి. పాము కాదని తెలిస్తేనే సగం మంది సర్దుకుంటారు. చావుపిట్ట అనే పేరు దానికి ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. తెల్లని ముఖం, చప్పుడు లేని రెక్కలు, నడిరాత్రి కీచుమనే అరుపు. దీపాలు లేని రోజుల్లో, మంచం పట్టిన మనిషి పక్కన మేలుకుని కూర్చున్నవాళ్లకే ఆ అరుపు ఎక్కువగా వినబడేది. పెద్దల భయాన్ని తీసిపారేయనక్కరలేదు, వారి ఎదుట వాదించి గెలవనూ అక్కరలేదు. పైకి తీసుకువెళ్లి గోడ పక్కన రాలిన నల్లని ఉండలను చూపించండి. ఎలుకలను మింగిన గుడ్లగూబ వాటి ఎముకలు, బొచ్చు అరగక ఉండలుగా కక్కేస్తుంది. ఒకటి నీళ్లలో నానబెట్టి విప్పితే ఎలుకల పుర్రెలు బయటపడతాయి. చుట్టూ వరిచేలు ఉన్న మీ ఊరిలో ఎలుక ఎంత నష్టం చేస్తుందో ఎవరికీ వివరించనక్కరలేదు. చేలలో రైతులు పక్షులు వాలడానికి కర్రలు పాతేది ఇలాంటి సాయం కోసమే.

గడువు చెబితే ఒప్పించడం తేలిక. తెల్ల గుడ్లగూబ పిల్లలు ఎగరడానికి పుట్టిన నాటి నుంచి సుమారు రెండు నెలలు పడుతుంది. పిల్లల ఒంటి మీద తెల్లని నూగు పోయి ముఖం హృదయాకారంలో తేరుకుంటే ఇంకా కొద్ది వారాలే. అంతవరకు లిఫ్టు మెకానిక్కు పగటిపూట, ఒక్కడే, తక్కువ సేపు పని చేసుకునేలా చూడండి. తిరిగే చక్రాల దగ్గరికి పిల్లలు రాకుండా వాటికి జాలీ బిగించండి. ఎవరైనా వచ్చి గుడ్లగూబలను పట్టుకుపోతామని, డబ్బులిస్తామని అంటే ఒప్పుకోకండి, వెంటనే అటవీ శాఖకు తెలపండి. దీపావళి దగ్గర పడేకొద్దీ క్షుద్రపూజల పేరుతో వీటిని అమ్మే దందా సాగుతుంది. పిల్లలు వెళ్లాక లిఫ్టు గది కిటికీకి జాలీ వేయించి, బయట గోడకు ఒక పెద్ద చెక్క పెట్టె పెట్టిస్తే ఆ జంట మీకు దగ్గరలోనే ఉంటుంది.

ప్రశ్న: ఏసీ బయటి యూనిట్ మీద గువ్వ నాలుగు పుల్లలు పేర్చి రెండు గుడ్లు పెట్టింది. ఏసీ వేసుకోవచ్చా? పావురాలకూ ఇదే పద్ధతా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: గూడు యూనిట్ పైన ఉండి, వేడిగాలి ముందు వైపు నుంచి పోతుంటే ఏసీ వేసుకోవచ్చు, ఆ అదురుకు గువ్వ అలవాటు పడుతుంది. ఫ్యాను జాలీని ఆనుకుని ఉంటే మాత్రం రెండు వారాలు పొదగడానికి, మరో రెండు వారాలు పిల్లల కోసం ఆపుకోవలసిందే. సర్వీసింగ్ వాయిదా వేయండి. గువ్వ గూడు చూడడానికి అధ్వాన్నంగా ఉంటుంది, అది దాని తీరు. మీరు పీచు, గడ్డి చేర్చి బాగుచేయకండి. పిల్లలకు తల్లీతండ్రీ ఇద్దరూ తమ గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని తాగిస్తాయి, దానికి సాటి వచ్చే మేత మన వంటింట్లో లేదు.

పావురాల విషయం వేరు. అవి ఏడాది పొడవునా గుడ్లు పెడతాయి, ఒకే చోటుకు తిరిగి వస్తాయి, ఎండిన రెట్ట దుమ్ము కొందరికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే గూడు కట్టకముందే ఆ సందును మూసివేయండి. గుడ్లు పెట్టేసి ఉంటే పిల్లలు ఎగిరేవరకు ఆగి, రెట్టను నీళ్లతో తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని కడిగి, ఆ తరువాత వల బిగించండి. వల వదులుగా ఉంటే పక్షుల కాళ్లు చిక్కుకుంటాయి. నాలుగు వైపులా బిగుతుగా లాగి కట్టమని పనివాళ్లకు చెప్పండి.

ప్రశ్న: ఉగాదికి వీధి తలుపుకు గుడ్డ మామిడాకుల తోరణం, పూల చక్రం కట్టాము. ఆ చక్రం మీద ఒక చిన్న పిట్ట గూడు పెట్టి నీలపు గుడ్లు నాలుగు పెట్టింది. మగదానికి తల, రొమ్ము ఎర్రగా ఉన్నాయి. ఇక్కడి నియమాలు వేరుగా ఉంటాయా?
— ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా

సమాధానం: మీ వర్ణనను బట్టి అది హౌస్ ఫించ్. తలుపుల మీది పూల చక్రాలంటే ఆ పిట్టకు మక్కువ ఎక్కువ. ఆ దేశంలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ఇలాంటి స్థానిక పక్షుల గుడ్లను, గుడ్లున్న గూళ్లను తొలగించడాన్ని నిషేధిస్తుంది; అందువల్ల చక్రాన్ని దింపకండి. పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు, ఒక్కోసారి ఇంకొన్ని రోజులు. అంతవరకు గరాజ్ తలుపు నుంచి రాకపోకలు సాగించండి, పార్సిళ్లు తెచ్చేవారికి గుమ్మం దగ్గర ఒక చీటీ అంటించండి. తలుపు తప్పనిసరిగా తీయవలసి వస్తే నెమ్మదిగా తీసి, గూడు ఊగకుండా వేయండి.

మన ఊరపిచ్చుక అక్కడ పరాయి పక్షి. పందొమ్మిదో శతాబ్దంలో బయటి నుంచి తెచ్చి వదిలితే దేశమంతా వ్యాపించింది. పరాయి పక్షి కనుక ఆ చట్టం దానికి వర్తించదు. పైగా అది అక్కడి నీలిపిట్టల (బ్లూబర్డ్) గూళ్లను ఆక్రమిస్తుంది. మీ పెరట్లో నీలిపిట్టల కోసం పెట్టె పెడితే, చిన్ననాటి పిచ్చుక మీద ఉన్న ప్రేమతో దానికి అందులో చోటు ఇవ్వకండి. గుడ్లను చూసి తేడా తెలుసుకోవచ్చు: నీలిపిట్టవి మచ్చలేని లేత నీలం, పిచ్చుకవి గోధుమరంగు చుక్కలున్న తెల్లని గుడ్లు.